కరీంనగరపు ప్రకరీనాయకుడు

కరీంనగరము పోవలసిన బండి గంటకు పైగా ఆలస్యమని మైకులో మూడవమారు వినిపించిన ఒక సాయంకాలమున, పెద్దపల్లి జంక్షనులో ప్లాట్‌ఫారము చివరనున్న సిమెంటు బల్లమీద ఇద్దరు కూర్చుండియుండిరి. ఒకరు ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితులు. ముప్పదియేండ్లు బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పి, ఇప్పుడు చెప్పించుకొనువారు లేకపోవుటచే, ఎదురైన వారినెల్ల వాదమునకు దింపుట అలవాటు చేసికొన్నవారు. రెండవవాడు ఆయన మేనల్లుడు; గోదావరిఖనిలో భూగర్భగనిలో పని; సెలవు దొరికిన నాడు పాత సినిమాలు చూచుట తప్ప వేరు వ్యసనము లేనివాడు. ముందునాటి రాత్రి ఇంటిలో ఇద్దరును కలిసి టీవీలో షోలే చూచుచుండగా, పోలీసు కమిషనరు వేషములో నొక వృద్ధుడు కొంతసేపు కనబడి మరలిపోయెను. "మామా, ఆయన మన కరీంనగరపాయనే, పైడి జయరాజు" అని మేనల్లుడు అనెను. అప్పటికి సగము నిద్రలోనున్న పండితులు లేచి కూర్చుండునప్పటికి ఆ వేషము తెరమీద లేదు. ఆ లోటు మనసులో నలుగుచుండగా, తెల్లవారి మొదలు కాని వాదము ఈ ప్లాట్‌ఫారముమీద మొదలయ్యెను.

మామ: నిన్న రాత్రి నీవు చెప్పిన మాట నాకు సంతోషముకంటె దుఃఖమునే ఎక్కువ కలిగించినది, నాయనా. 1909 సెప్టెంబరు 28న మన కరీంనగరములో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, నిండా ఇరువదియేండ్లైన లేని ప్రాయమున బొంబాయి చేరి, నోరులేని బొమ్మల కాలముననే నాయకుడై, కత్తి పట్టి, గుర్రమెక్కి, రాజులకును వీరులకును తెరమీద ప్రాణము పోసిన మనిషి, కట్టకడపట ఇతరుల కథలో టోపీ పెట్టుకొని రెండు మాటలు పలికి మరలిపోవలసి వచ్చెనే! ఏనుగు ఎక్కి ఊరేగినవాడు అదే వీథిలో ఏనుగు వెంట నడచుట వంటిది గదా ఇది. దీనిని పతనము అనక ఏమందుము?

అల్లుడు: పతనమనాలంటే ఆయన ఎక్కడినుంచి ఎక్కిండో కూడ చూడాలి గదా మామా. 1929లో జగ్‌మగ్తీ జవానీ అనే మూకీలో ఆయన వేసిన తొలి వేషమే చిన్న వేషం. మరుసటేడు రసీలీ రాణిలో మాధురి సరసన నాయకుడైండు. అంటే ఏనుగు వెంట నడిచినవాడే ఏనుగెక్కిండు. పొద్దుగూకినంక దిగి మళ్లీ నడిచిండు. ఇంకొకటి చెబుతాను. మనం కూర్చున్న ఈ కాజీపేట-బల్హార్షా దారి పూర్తయి మద్రాసునూ ఢిల్లీనీ కలిపింది కూడ దాదాపు ఆ రోజులలోనే. ఈ పట్టాలెంత పాతవో ఆయన నటజీవితమూ అంత పాతది. పట్టాలమీద మొదట ఏ బండి పోయిందని ఎవరడుగుతారు? ఇంకా బండ్లు పోతున్నాయా అనే అడుగుతారు.

మామ: ఉపమానము బాగుగనే ఉన్నది కాని, శాస్త్రమునకు నిలువదు. మన లాక్షణికులు కథలోని మనుష్యులను ఊరక వరుసపెట్టలేదు. కథకు ఫలమొకటి యుండును. ఆ ఫలము ననుభవించువాడు నాయకుడు. వానితోపాటు చాలదూరము నడచి, తానును కొంత ఫలము పొందువాని వృత్తాంతము పతాక; రామాయణమున సుగ్రీవుని కథ అట్టిది. నడుమ నొకచోట తళుక్కుమని మెరసి, నాయకుని పనికి సాయపడి, తనకంటూ ఫలమేమియు లేక ముగిసిపోవునది ప్రకరి; జటాయువు కథ అట్టిది. మన జయరాజు నాయకుడుగా నుండి, పతాకకు దిగి, ప్రకరిలో ముగిసెను. మెట్లు నేను కల్పించినవి కావు, శాస్త్రము కట్టినవి.

అల్లుడు: మెట్ల సంగతి తరువాత చూద్దాం. ముందు మనిషి అంతకాలం ఎట్లా నిలబడ్డాడో చూడండి. 1931 మార్చిలో ఆలం ఆరా వచ్చి తెరకు నోరు వచ్చింది. ఆ నోరు రాగానే ఎందరు మూకీ తారలు మూగబోయినారో మీకు తెలియనిది కాదు. కండలు చూపి, కళ్లు తిప్పి రాణించినవాళ్లకు హిందుస్తానీ పలకడం రాక, వేషాలు జారిపోయినయి. జయరాజుకు ఆ గండం ఎందుకు తప్పింది? ఆయన పుట్టి పెరిగింది నిజాం రాజ్యంలో. కచేరీలో ఉర్దూ, బజారులో ఉర్దూ, ఇంటిలో తెలుగు. మన తాతలు ఏ ఉర్దూను దొరతనపు భాషగా మోయవలసివచ్చిందో, ఆ ఉర్దూయే ఆయనను టాకీల ఒడ్డుకు చేర్చిన పడవయింది. కరీంనగరం ఆయనకు ఇచ్చిన కట్నం అదే.

మామ: ఆ మాట ఒప్పుకొందును. కాని అందులోనే నా రెండవ దుఃఖమున్నది. తెలుగు నేలమీద పుట్టినవాడు తన ఆయుష్షంతయు హిందీ తెరకు ధారపోసెను. మనవారు నాగయ్యను చూచి కన్నీరు కార్చిరి. రంగారావును చూచి చప్పట్లు కొట్టిరి. గుమ్మడి మహామంత్రి తిమ్మరుసుగా తెరమీద నడచివచ్చినప్పుడు చేతులు జోడించిరి. పైడి జయరాజు పేరు చెప్పిన పెద్దపల్లిలో ఎందరు తల యెత్తుదురు? పండు ఒక పెరటిలో రాలెను, చెట్టు వేరొక పెరటిలో నిలిచెను.

అల్లుడు: ఆయన బొంబాయి పోయిన నాటికి తెలుగు టాకీ ఇంకా పుట్టనేలేదు మామా. తరువాత పుట్టిన మన భక్త ప్రహ్లాద కూడ బొంబాయి స్టూడియోలోనే తయారైంది. పెరడే లేని కాలంలో చెట్టు ఏ పెరట్లో నిలవాలె?

మామ: (నవ్వి) సరే, అది వదలుదము. కాని ఒక సంగతి మాత్రము నన్ను పట్టి విడువకున్నది. బాంబే టాకీసువారి భాభీలో 1938లో నాయకుడు. 1943లో హమారీ బాత్‌లో దేవికారాణి సరసన నాయకుడు. 1945లో ఆ సంస్థయే తీసిన ప్రతిమకు దర్శకుడు. ఆ ప్రతిమలో కథానాయకుడెవరు? అప్పుడప్పుడే రెండవ చిత్రములో కాలు పెట్టుచున్న దిలీప్ కుమారు. ఎవనికి ఎట్లు నిలువవలెనో, ఎటు చూడవలెనో చెప్పెనో ఆ కుర్రవాడు చక్రవర్తి యయ్యెను. చెప్పినవాడు కాలక్రమమున తండ్రి వేషములకును డాక్టరు వేషములకును దిగెను. ద్రోణుడు అర్జునుని సేనలో కాల్బంటుగా చేరినట్లున్నది.

అల్లుడు: అది ఒక మనిషి గ్రహచారం కాదు, ఒక వ్యవస్థ కూలడం. బాంబే టాకీసు వంటి సంస్థలలో నటునికి నెలజీతం ఉండేది. పొద్దున పోయి సంతకం పెట్టి, ఇచ్చిన వేషం వేసి, జీతం తెచ్చుకునేవాళ్లు. ఒక సినిమాలో నాయకుడు, మరొక సినిమాలో అన్న. అందులో చిన్నతనం లేదు. రెండవ ప్రపంచయుద్ధం అయిపోయేసరికి, సంచులలో డబ్బు తెచ్చిన కొత్త నిర్మాతలు జీతం లేని తారలను ఒక్కొక్క సినిమాకు ఇంత అని కొన్నారు. స్టూడియోలు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1950లు సగం కాకముందే బాంబే టాకీసే లేకుండా పోయింది. అప్పటినుంచి తారకు ధర పెరిగింది. తార కానివాడు రోజుకూలీ అయిండు. ఆ మార్పులో ఎందరో కనబడకుండా పోయినారు. ఈయన నిలిచిండు.

మామ: నిలుచుట గొప్పయే. కాని నిలుచునది ఏ స్థానమున అనునది కూడ గొప్పయే గదా?

అల్లుడు: స్థానమంటే గుర్తుకొచ్చింది. హాలీవుడ్డు తన మంచి రోజులలో ఈ సంగతి మనకంటే ముందే గ్రహించింది. నాయకునికి కథ తెలుసు, ప్రేక్షకునికి నాయకుడు తెలుసు. కాని కథ జరుగుతున్న ఊరిని నమ్మించేవాడు వేరొకడు. ఆ మంగలి, ఆ పూటకూళ్లవాడు, ఆ తాగుబోతు డాక్టరు, వీళ్లు నిజమనిపిస్తేనే ఊరు నిజమవుతుంది. అందుకే 1936 చిత్రాలతో మొదలుపెట్టి సహాయపాత్రలకు ఆస్కారు వేరుగా ఇవ్వసాగారు. ఆ తొలి బహుమానం అందుకున్న వాల్టర్ బ్రెన్నన్ అనే ఆయన 1938కీ, 1940కీ మళ్లీ అందుకున్నాడు. థామస్ మిచెల్ అని ఇంకొకాయన. 1939 ఒక్క సంవత్సరంలోనే అయిదు పెద్ద సినిమాలలో కనిపించిండు. స్టేజ్‌కోచ్‌లో తాగుబోతు వైద్యుడు, గాన్ విత్ ది విండ్‌లో నాయిక తండ్రి. ఆ ఏడు నాయకులు ఎందరు మారినా, మిచెల్ మాత్రం ఒక ఇంటినుంచి ఇంకొక ఇంటికి చుట్టపుచూపు పోయినట్టు సినిమానుంచి సినిమాకు నడిచిండు.

మామ: హాలీవుడ్డును అంత పొగడితివి గనుక అడుగుచున్నాను. ఆ హాలీవుడ్డు మన కరీంనగరపు మనిషిని పిలిచి ఏమి వేషమిచ్చినది? నైన్ అవర్స్ టు రామ అని 1963లో తీసిరి. కథ మనది, నేల మనది, చచ్చిపోయినది మన మహాత్ముడు. నాయకుడుగా గాడ్సే వేషము వేసినది జర్మనీ దేశపు హోర్స్ట్ బుక్‌హోల్జ్. పోలీసు అధికారి హోసే ఫెరర్, ఆయన పోర్టోరికోలో పుట్టినవాడు. మన జయరాజుకు దొరకినది బిర్లాగారి వేషము. అనగా ఏమి? తన యిల్లు ఇచ్చి ప్రక్కన నిలుచుండు వేషము. మన సినిమాలలోనే కాదు, మన చరిత్రలో కూడ మనవానికి ఆతిథేయుని పాత్రయేనా?

అల్లుడు: మీరన్న ఆ 1963నే పట్టుకుని ఇంకొకటి చూడండి మామా. ఆ ఏడే మన దేశంలో విడుదలైన చంద్రశేఖర్ ఆజాద్‌లో నాయకుడు ఆయనే. అలహాబాదు పార్కులో 1931 ఫిబ్రవరి 27న పోలీసుల తూటాలకు ఎదురొడ్డి నిలిచి చనిపోయిన ఆజాద్ ఒకవైపు. 1948 జనవరి 30న ఢిల్లీలో ఎవరి ఇంటి తోటలో గాంధీ నేలకొరిగిండో ఆ ఇంటి యజమాని ఒకవైపు. ఒకడు తుపాకి పట్టినవాడు, ఒకడు తుపాకి చప్పుడు మోగిన ఇంటివాడు. యాభైనాలుగేళ్ల వయస్సులో ఒకే సంవత్సరం ఈ రెండు దేహాలలోకీ దూరగలిగినవాడిని మీరు మెట్లు దిగినవాడంటారా? 1966లో ఏనుగు కథతో తీసిన మాయాలోనూ ఆయన ఉన్నాడు. పెద్ద వేషాలు కావు, ఒప్పుకుంటాను. గాంధీ కథ సినిమాను మన ప్రభుత్వం దేశంలో ఆడనివ్వనే లేదు. తన వాళ్లు చూడని వేషాన్ని కూడ చేసి వచ్చినవాడు ఎవరికోసం చేసినట్టు?

మామ: జీవనముకొరకు చేసెను నాయనా! నీవు కవిత్వము చెప్పుచున్నావు, నేను బ్రతుకు చెప్పుచున్నాను. వయస్సు మీరినవాడు దొరకినది వేసెను. దానిని వైరాగ్యమనియు యోగమనియు పొగడుట ఆకలిని ఉపవాసమనుట వంటిది. మన నల్లగొండ సీమనుండి పోయిన కాంతారావును తలచుకొనుము. కత్తి వీరుడని పిల్లలెల్లరు వెంటబడి చూచిన మనిషి. సొంత చిత్రములు తీసి చితికిపోయి, ముదిమిలో చిన్న చిన్న వేషములతో కాలము గడపెను. ఆయన ముందు నిలిచి నీవు ఈ మాటలు అనగలవా?

మేనల్లునికి వెంటనే ఉత్తరము తోచలేదు. ఎదుటి పట్టాలమీద నొక కుక్క రెండు కంకరరాళ్ల నడుమ వాసన చూచుచు పోవుచుండెను. దానిని కొంతసేపు చూచి అతడు మెల్లగా నందుకొనెను.

అల్లుడు: అనలేను. ఆ బాధ నిజం, దానిని కాదనను. కాని బాధ వేషం చిన్నదైనందుకా, కూలి చిన్నదైనందుకా? ఈ రెండూ ఒకటి కావు మామా. మా గని సంగతి చెబుతాను వినండి. బొగ్గు తీసినవాని లెక్క టన్నులలో బోర్డుమీద రాస్తారు. వానికంటే ముందు ఒక మనిషి పొడుగాటి కర్ర పట్టుకుని లోపలికి పోతాడు. దీపం పైకెత్తి, కప్పును కర్రతో తట్టుతాడు. ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగితే బండ విడిచిందని అర్థం. డొల్ల మోగిన చోట దుంగ నిలబెట్టి, తలమీద చీలిక కొట్టి బిగిస్తాడు. టింబర్‌మన్ అంటాం. ఇప్పుడు దుంగల చోట ఇనుప బోల్టులు వచ్చినా, తట్టి వినే చెవి మాత్రం అదే కావాలె. బోర్డుమీద అతని పేరుకు టన్నులు ఉండవు. ఆ మనిషి కూలి తక్కువైతే అది అన్యాయమే, దానికోసం కొట్లాడుదాం. కాని అతని పని చిన్నదని మాత్రం ఆ కప్పు కింద కూర్చుని సద్ది తిన్నవాడెవడూ అనడు.

మామ: (కొంచెము తగ్గి) పని చిన్నదని నేననలేదు. మన ఒగ్గుకథలో వంతవాడు లేనిచో కథకుడు గుక్క తిప్పుకొనుటకైన వీలుండదని నాకును తెలియును. మిద్దె రాములు తలమీద బోనము నిలుపుకొని ఆడుచుండగా చూచినవాడను. డోలు క్షణము తప్పినచో ఆ బోనము నిలుచునా? రంగారావును గూర్చి కూడ నాకు వివాదము లేదు. 1957 మాయాబజారులో ఘటోత్కచుడు వచ్చిన తరువాత నాయకులెవరన్నది ప్రేక్షకుడు మరచిపోవును. నర్తనశాలలో కీచకునకు జకార్తా చిత్రోత్సవమున ఉత్తమనటుడని బహుమానమే యిచ్చిరి. కాని వారివి పతాకలు. వారికి ఫలములో పాలున్నది. నా వాదము ప్రకరిమీద. వచ్చి, పలికి, పోవువాడు. అతనికి కథలో ఫలము లేదని శాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. ఫలము లేనిదానిని ఫలమన్నచో మనము లాక్షణికులతో కొట్లాడవలెను.

అల్లుడు: కొట్లాడను. మీరిచ్చిన ఉదాహరణనే అడుగుతాను. ప్రకరికి జటాయువును చెప్పినారు గదా?

మామ: చెప్పితిని.

అల్లుడు: దశరథునికి నిప్పు పెట్టినప్పుడు రాముడు దగ్గర ఉన్నాడా?

మామ: లేడు. అడవిలో ఉండెను. భరతుడు చేసెను.

అల్లుడు: మరి జటాయువుకు?

పండితులు బదులు చెప్పలేదు. ముప్పదియేండ్లు తాము పిల్లలకు చెప్పిన కథయే ఇది. చెప్పునప్పుడు గొంతు గద్గదమైన ఘట్టమును ఇదియే. తండ్రికి చేయలేని కర్మ నాయకుడు తన చేతులతో ఒక పక్షికి చేసెను. ఆ పక్షి కథలో వచ్చినది కొంతసేపే, సీతను విడిపింపలేదు, రావణుని ఆపలేదు, రెక్కలు తెగి నేలబడి, తాను చూచినది చెప్పి కన్నుమూసెను. ఫలము దానిది కాదు, నిజమే. కాని దారి తెలిసినది దానివలననే.

అల్లుడు: అంతే మామా. రెండు మాటలు చెప్పి పోయినవాడే, కాని ఆ రెండు మాటలు నమ్మేటట్టు చెప్పకపోతే రాముడు దక్షిణదిక్కు నడిచేవాడా? నేను షోలేలో ఆ కమిషనరును చూసినప్పుడు ఇదే అనుకున్నా. అరవై అయిదేళ్ల మనిషి. వెనుక మూకీల కాలం, టిప్పు సుల్తాన్, హాతింతాయి, అన్నీ ఉన్నాయి. అవేవీ ఆ నిమిషంలోకి తెచ్చుకోలేదు. నేనొకప్పుడు నాయకుణ్ణి అని కనుబొమ్మతోనైనా చెప్పలేదు. అది చేతకాకనే గదా ఎందరో పాత నాయకులు చిన్న వేషంలో ఇమడలేక ఇంటికి పోయినారు!

మామ: (చాలసేపటికి) ఆ మాట మాత్రము నాకు తోచియుండలేదు. తన్ను తాను మరచుట వేషము వేయుటకంటె కష్టము. అయినను నా దుఃఖమంతయు తీరలేదు సుమా. 1980కి గాను ఫాల్కే పురస్కార మిచ్చిరి. తెలంగాణ గడ్డమీద పుట్టినవారిలో దాని నందుకొన్న మొదటివాడు ఆయనయే. 2000 ఆగస్టు 11న బొంబాయిలో తొంబదియేండ్లకు కన్నుమూసెను. ఆ పురస్కారమునకును ఆ మరణమునకును నడుమ ఇరువదియేండ్లు కడచినవి గదా! అప్పుడు నేను కరీంనగరములోనే పాఠములు చెప్పుచుంటిని. ఒక్కనాడైన పిల్లలకు ఆయన పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పోస్టరుమీద మొదటి పేరు ఆయనది కాదు గనుక, నాకే తెలియదు.

అల్లుడు: ఇప్పుడు హైదరాబాదు రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరు పెట్టినారు.

మామ: ప్రివ్యూ థియేటరా? అనగా అక్కడ ఇతరులు తీసిన సినిమాలు చూపుదురు గదా?

అల్లుడు: అవును. కొత్త పిల్లలవి, చిన్న సినిమాలు.

మామ: (పెద్దగా నవ్వి) చూచితివా! చనిపోయిన తరువాత కూడ ఇతరుల కథకు ఇల్లిచ్చి ప్రక్కన నిలిచెను. బిర్లా వేషము ఆయనను వదలలేదు!

ఇంతలో రామగుండము వైపునుండి బొగ్గుబండి వచ్చుచున్నదని, ప్లాట్‌ఫారము అంచునకు రావలదని మైకులో హెచ్చరిక వినబడెను. చిన్ననాటినుండి పండితులకు ఇంజను చూచుటయనిన ప్రీతి. అది దాటిన వెంటనే తల త్రిప్పుకొనుట అలవాటు. జంట ఇంజనులు భూమి నదరించుచు దాటిపోయెను. ఆయన తల త్రిప్పుకొనలేదు. నల్లని పెట్టెలు ఒకదానివెంట నొకటిగా, అన్నియు ఒక్క తీరుగా, బొగ్గుపొడి రేపుచు పోవుచుండగా, ఆయన పెదవులు కదలుచుండెను. లెక్కించుచున్నారని మేనల్లునికి తెలిసెను. యాభైఎనిమిది. చప్పుడంతయు దాటిపోయిన పిమ్మట, చిట్టచివర, గార్డు డబ్బా వచ్చెను. దాని వసారాలో ఒక మనిషి ఒంటరిగా నిలిచి, ఎవరు చూచుచున్నారో లేదో అను చింత లేక, స్టేషను వైపు ఆకుపచ్చని దీపము చూపుచు సాగిపోయెను. పండితులు తమకు తెలియకయే చేయి పైకెత్తిరి.

"అల్లుడా" అనిరి ఆ డబ్బా వెనుకనున్న ఎర్రదీపపు చుక్క మలుపులో మరుగైన తరువాత, "రాత్రి ఆ సినిమా మరల పెట్టుము. నేను నిద్రపోయినచో, ఆ ముసలాయన వచ్చుటకు ముందే నన్ను లేపుము."